కుందేలును వెంటబెట్టుకుని ఊరెళ్ళాలంటే: నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్ళకు సమగ్ర మార్గదర్శి

మా జున్నుగాడి బరువు రెండు కిలోలు. వాడిని నెల్లూరు నుంచి ఒంగోలు తీసుకెళ్ళడానికి మేము పడే తిప్పలు చూసి మా మామగారు నవ్వుతారు. "దీనికన్నా ఒంగోలు గిత్తను లారీ ఎక్కించడం తేలిక కదా అల్లుడూ" అంటారు. ఆ మాటలో నిజం ఉంది. గిత్తకు భయమేస్తే రంకె వేస్తుంది, జబ్బు చేస్తే కూలబడుతుంది. కుందేలు రెండూ దాచుకుంటుంది. వేటజంతువుల నోటికి చిక్కకుండా బతకాల్సిన జాతి కాబట్టి నీరసాన్ని బయటపెట్టదు. మనకు తెలిసేసరికి సగం ఆలస్యమైపోయి ఉంటుంది.

ఒక తప్పు, నాలుగైదు ప్రయాణాలు అయ్యాక నాకు అర్థమైంది ఏమిటంటే, దారిలో చూసుకోవాల్సినవి రెండే. ఒళ్ళు చల్లగా ఉందా, పొట్ట కదులుతోందా. పెట్టె, మూట, బయల్దేరే వేళ అన్నీ ఈ రెండింటి కోసమే.

1. ముందు తేల్చుకోండి: తీసుకెళ్ళక తప్పదా?

ఒకటి రెండు రాత్రులకే వెళ్తుంటే ఇంట్లోనే ఉంచండి. కుందేలుకు ఊళ్ళు చూడాలన్న సరదా ఉండదు. తెలిసిన మూల, తెలిసిన వాసన ఉంటే దానికి చాలు. పక్కింటివాళ్ళు ఉదయం, సాయంత్రం వచ్చి గడ్డి, నీళ్ళు మార్చి, పెంటికలు పడ్డాయో లేదో చూసి వాట్సాప్‌లో ఫొటో పెట్టగలిగితే అదే మేలు. రెండు రోజులకు సరిపడా గడ్డి పడేసి తాళం వేసుకుని పోవడం మాత్రం కుదరదు. కుందేలు పది పన్నెండు గంటలు ఏమీ తినలేదంటే పేగుల కదలిక ఆగిపోయే ప్రమాదం వచ్చేసినట్టే.

రెండు నెలలు నిండని పిల్లల్ని, చూలుతో ఉన్నదాన్ని, ఈమధ్యే ఆపరేషన్ అయినదాన్ని, మేత తగ్గించినదాన్ని కదిలించొద్దు. జంటగా పెరిగినవైతే రెండింటినీ కలిపే తీసుకెళ్ళండి. ఒకదాన్ని విడదీస్తే ప్రయాణం భయానికి ఒంటరితనం తోడవుతుంది. పైగా తిరిగొచ్చాక రెండూ కొట్లాడుకునే అవకాశం ఉంది.

ఇక కాలం. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ రెండో వారం దాకా, ముఖ్యంగా రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, ఏసీ కారు లేకుండా కుందేలును గడప దాటించొద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎండ బాధ తక్కువే గానీ మన అసలు వానాకాలం అదే. తుపాను హెచ్చరిక ఉంటే ఆగిపోండి. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. అలా ఇరుక్కుంటే మనం బిస్కెట్ ప్యాకెట్లతో గడిపేస్తాం. దానికి గడ్డి కావాలి. నన్నడిగితే సంక్రాంతి నుంచి ఫిబ్రవరి చివరిదాకా హాయైన కాలం.

2. పెట్టె

అంగట్లో కుందేలును కొన్నప్పుడు చిన్న ఇనప ఊచల పంజరంలో పెట్టి ఇస్తారు. దాన్ని ప్రయాణానికి వాడకండి. కుక్కకు, పిల్లికి అరికాలి కింద మెత్తటి దిండ్లు ఉంటాయి, కుందేలుకు ఉండేది వెంట్రుకలే. బండి కుదిపినప్పుడల్లా ఊచలు గుచ్చుకుని మడమలు పుండ్లు పడతాయి, సందుల్లో గోరు ఇరుక్కుంటే విరుగుతుంది. అట్టపెట్టెను ఒంగోలు చేరేలోపే కొరికి బయటికొస్తుంది. కోళ్ళగంపలో గాలి ఆడుతుంది కానీ వెదురు కూడా దాని పళ్ళకు పలహారమే.

పిల్లులకు వాడే గట్టి ప్లాస్టిక్ క్యారియర్ సరైనది. మూడు వైపులా గాలి రంధ్రాలు ఉండాలి. పైనుంచి కూడా మూత తెరుచుకునే రకమైతే వెయ్యి నమస్కారాలు, ఎందుకంటే భయపడ్డ కుందేలును ముందు తలుపులోంచి లాగడం అయ్యే పని కాదు. లోపల కాళ్ళు చాపుకుని పడుకోగలగాలి, వెనక్కి తిరగగలగాలి. రెండు కిలోల కుందేలుకు అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు చాలు. ఇంకా పెద్దది కొంటే సుఖమనుకోకండి, బ్రేకు వేసినప్పుడల్లా అందులో జారిపోతుంది.

అడుగున పాత తువ్వాలు, దానిమీద దండిగా గడ్డి. తువ్వాలు జారకుండా కింద రబ్బరు మ్యాట్ ముక్క వేయండి. గోనెపట్టా పరిచేవాళ్ళున్నారు. పీచులు ఊడి కడుపులోకి పోతాయి కాబట్టి నాకది నచ్చదు.

3. పదిహేను రోజుల ముందు నుంచి అలవాటు

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ప్రయాణం రోజునే పెట్టెను మొదటిసారి చూపిస్తే కుందేలుకు అది బోను.

తలుపు ఊడదీసి పెట్టెను దాని మూలలో పడేయండి. మొదటి రోజుల్లో వాసన చూసి పోతుంది. లోపల కొత్తిమీర కట్ట వేయండి. తనంతట తాను లోపలికెళ్ళి తింటున్నాక తలుపు బిగించి ఐదు నిమిషాలు మూయండి, తర్వాత పావుగంట. తర్వాత ఎత్తి ఇల్లంతా తిప్పండి. ఆఖరి వారంలో కారులో పెట్టి మాగుంట లేఅవుట్ చుట్టూ ఒక రౌండు, మరో రోజు మినీ బైపాస్ దాకా. దిగాక అది గడ్డి కొరికిందంటే మీ పని సగం అయినట్టే.

ఎత్తుకోవడం కూడా నేర్చుకోవాలి. చెవులు పట్టి ఎత్తడం అందరూ చేసే పాపం. కుందేలు ఎముకల బరువు ఒంటి బరువులో 7, 8 శాతమే ఉంటుంది, వెనక కాళ్ళ కండలేమో బలంగా ఉంటాయి. గాల్లో కాళ్ళు ఝాడిస్తే తన నడుం తానే విరగ్గొట్టుకుంటుంది. ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద పెట్టి మీ ఒంటికి అదుముకోండి. వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా ఉంటుంది చూశారా, అది నిద్ర కాదు. భయంతో బిగుసుకుపోవడం.

4. డాక్టరు దగ్గరికి ఒకసారి

బయల్దేరడానికి వారం ముందు పళ్ళు, గోళ్ళు, బరువు చూపించండి. కుందేలు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. లోపలి పన్ను ఒరుసుకుంటూ ఉంటే ఇంట్లో ఎలాగో నెట్టుకొచ్చే కుందేలు దారిలో మేత మానేస్తుంది. వెళ్ళే ఊళ్ళో కుందేళ్ళను చూసే డాక్టరు ఎవరో ఇప్పుడే కనుక్కుని నంబరు రాసుకోండి. మన దగ్గర ఎక్కువమంది పశువైద్యులకు గేదెలు, గొర్రెలే రోజూ పని. కుందేలు అనుభవం ఉందా అని అడిగితే వాళ్ళేమీ అనుకోరు. పెద్ద సమస్యకు తిరుపతి పశువైద్య కళాశాల, చెన్నై వేపేరిలో 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల ఉన్నాయి. రాష్ట్రంలో పశువుల అంబులెన్సు నంబరు 1962.

రెండు మందుల పేర్లు బట్టీ పట్టండి. కుక్కలకు గోమార్లు పోవడానికి మెడమీద వేసే ఫిప్రోనిల్, మనం జ్వరానికో గొంతునొప్పికో మింగే అమాక్సిసిలిన్. మొదటిది కుందేలుకు విషం. రెండోది నోట్లో పోస్తే పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి ప్రాణం మీదకొస్తుంది. పరాయి ఊళ్ళో ఎవరైనా చొరవగా 'ఇది వేయండి, తగ్గిపోద్ది' అంటే ఈ పేర్లు గుర్తు రావాలి. మత్తుమందు ఆలోచన కూడా మానేయండి, కుందేళ్ళ అనుభవమున్న డాక్టరు చూసి ఇస్తే తప్ప.

5. మూట

ముందుగా గడ్డి, ప్రయాణం రోజులకు లెక్కేసి దానికి రెట్టింపు. ఇంట్లో తినేదే తీసుకెళ్ళాలి. టిమోతి గడ్డి తెప్పించుకునేవాళ్ళు అదే, నేపియరో గరికో వేసేవాళ్ళు అవే. నేపియర్‌ను ముందురోజు నీడన ఆరబెట్టండి, పచ్చిగా సంచిలో కుక్కితే వేడెక్కి బూజు పడుతుంది. మన జిల్లాలో వరిగడ్డికి కరువు లేదు కానీ దాన్ని పరుపుగానే చూడండి. తిన్నా చెడేమీ లేదు, దాంట్లో బలమూ లేదు. వేరుశనగ కట్టె మహా ఇష్టంగా తింటుంది. సున్నం ఎక్కువ కాబట్టి ఎదిగిన కుందేలుకు ఎప్పుడన్నా గుప్పెడు చాలు.

కొత్తిమీర, పుదీనా కడిగి తడి ఆరకముందే డబ్బాలో పెట్టుకోండి. ఆ తడి కూడా నీళ్ళే. క్యారెట్ వేలెడు ముక్క, అంతే.

నీళ్ళ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మా అత్తగారి అమ్మకు ఎనభై ఏళ్ళు. "కుందేలుకు నీళ్ళు పెడతారా ఎవరన్నా? పొట్ట ఉబ్బి చస్తుంది" అని ఇప్పటికీ వాదిస్తుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, ఎంత చెప్పినా వినదు. ఊళ్ళలో చాలామంది నమ్మకం ఇదే. రోజంతా పచ్చిగడ్డి మేసే కుందేలు గిన్నెలో నీళ్ళు తక్కువ తాగడం చూసి పుట్టిన మాట అయుంటుంది. అసలు లెక్క, కిలో బరువుకు రోజుకు 50 నుంచి 150 మిల్లీలీటర్లు. ఎండుగడ్డి తినే కుందేలుకు, అందులోనూ ఎండాకాలం, ఆ పై అంకె దాకా కావాలి. నీళ్ళు తగ్గితే పేగుల్లో గడ్డి ఎండి గట్టిపడుతుంది. ఇంటి నుంచి రెండు లీటర్ల బాటిల్ పట్టుకెళ్ళండి. రుచి మారితే కొన్ని కుందేళ్ళు ముట్టవు. మీ ఇంట్లో క్యాన్ నీళ్ళు పోస్తుంటే క్యాన్ నీళ్ళే, కుళాయివైతే కుళాయివే. పంజరానికి తగిలించే గొట్టం సీసా కుదుపులకు కారిపోయి పరుపు తడిపేస్తుంది. ఆగినప్పుడల్లా చిన్న గిన్నెలో పెట్టడం మేలు.

ఇంకా, పాత తువ్వాళ్ళు మూడు, పాత పేపర్లు, సూది లేని సిరంజి, ఆసుపత్రి చీటీ. దాని వాసన పట్టిన గుడ్డ ఒకటి ఉతక్కుండా తీసుకెళ్ళండి, కొత్త ఇంట్లో అదే దానికి ధైర్యం.

6. ఎండ

కుందేలుకు చెమట పట్టదు. కుక్కలా నాలుక చాపి రొప్పి ఒళ్ళు చల్లబరచుకోవడమూ దానికి చేతకాదు. ఉన్నదల్లా చెవులే. వాటిలోని రక్తనాళాలు వెడల్పై వేడిని బయటికి వదులుతాయి. బయటి గాలే వేడిగా ఉంటే ఆ చెవులూ పనిచేయవు. దానికి హాయినిచ్చేది 15 నుంచి 21 డిగ్రీలు. 26 దాటితే ఇబ్బంది, 30 దాటితే ప్రమాదం. మన ఊళ్ళో మే నెలలో తెల్లవారుజామునే 30 ఉంటుంది.

మా తప్పు ఇక్కడే జరిగింది. మొదటి ప్రయాణం మే నెలలో, ఏసీ కారు ఉంది కదా అన్న ధీమాతో. కావలి దాటాక టిఫిను కోసం ఆపాం. వేపచెట్టు నీడ, ఐదే నిమిషాలు అనుకున్నాం, ఏసీ ఆపి అద్దాలు వేలెడు దించి వెళ్ళాం. దోసె ఆలస్యమైంది. పావుగంటకు వచ్చి చూస్తే జున్ను పక్కకు ఒరిగి ఉన్నాడు, చెవులు కాలుతున్నాయి, గడ్డం కింద తడి. ఆగి ఉన్న కారులో పది నిమిషాలకే పది డిగ్రీల దాకా వేడి పెరుగుతుందని, అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదని తర్వాత తెలిసింది. బతికాడు. ఆరోజు తర్వాత మా ఇంట్లో రూలు ఒకటే. కుందేలు కారులో ఉంటే ఒక మనిషి, నడుస్తున్న ఏసీ ఉండాలి. టిఫిన్లు వంతులవారీగా.

ఏసీ ఉన్నా ఇవి చేయండి. అరలీటరు సీసాలు రెండు నీళ్ళు నింపి ముందురోజే ఫ్రీజర్‌లో పెట్టి, గుడ్డ చుట్టి ఒకటి పెట్టెలో ఒక పక్కకు పెట్టండి. కావాలంటే ఆనుకుంటుంది, వద్దంటే జరుగుతుంది. మార్కాపురం పలకలకు పేరుమోసిన ప్రాంతం మనది, ఒక పలకరాయి ముక్కో టైల్ ముక్కో ఫ్రిజ్‌లో పెట్టి పరుపు పక్కన ఉంచితే దానిమీద పొట్ట ఆనించి పడుకుంటుంది. ఏసీ గాలి నేరుగా పెట్టెలోకి కొట్టకూడదు. పెట్టె మీద తడిగుడ్డ కప్పితే ఒక వైపే కప్పండి, గాలి ఆడాలి.

వడదెబ్బ గుర్తులు: చెవులు ఎర్రబడి కాలడం, మూతి చుట్టూ తడి, ఊపిరి ఎగపోయడం, కాళ్ళలో పట్టు తప్పడం. కుందేలు ముక్కుతోనే ఊపిరి తీస్తుంది. నోరు తెరిచిందంటే ఇక క్షణం ఆగకూడదు. చల్లటి నీళ్ళలో, ఐసు నీళ్ళలో కాదు, గుడ్డ తడిపి చెవులకు అద్దండి, పాదాలు తడపండి, గాలి తగలనివ్వండి. బకెట్లో ముంచొద్దు, ఆ అదురుకే గుండె ఆగిపోవచ్చు. నీళ్ళు ముందు పెట్టండి, బలవంతంగా నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తేరుకున్నట్టు కనిపించినా డాక్టరుకు చూపించాల్సిందే.

7. బయల్దేరే రోజు

ఉపవాసం వద్దు. కారెక్కితే వాంతి చేసుకుంటుందని కొందరు ముందురోజు నుంచి మాడుస్తారు. కుందేలు వాంతి చేసుకోలేదు, దాని శరీరంలో ఆ ఏర్పాటే లేదు. బయల్దేరే క్షణం దాకా మేయనివ్వండి, దారిలోనూ గడ్డి ముందుండాలి.

ఎండాకాలమైతే తెల్లవారుజామున నాలుగింటికి బండి కదలాలి. నెల్లూరు నుంచి ఒంగోలు సుమారు 120 కిలోమీటర్లు. ముసునూరు, టంగుటూరు టోల్ గేట్లు దాటి ఎండ ఎక్కకముందే చేరిపోవచ్చు. చెన్నై వైపైతే 175 దాకా. నగరం ట్రాఫిక్‌లో ఎండ నెత్తిమీదకు వస్తుంది కాబట్టి ఇంకా ముందే బయల్దేరండి. రొట్టెల పండుగ రోజుల్లో నెల్లూరులో స్వర్ణాల చెరువు చుట్టుపక్కల నుంచి బయటపడటానికే గంటలు పడుతుంది, ఆ రోజులు వదిలేయండి.

పెట్టెకు చోటు ముందు సీటు వెనక కాళ్ళ దగ్గర, కింద. కదలకుండా రెండు పక్కలా దిండ్లు కూరండి. వెనక సీటు మీదైతే సీటుబెల్టు చుట్టి బిగించాలి. డిక్కీలో వద్దు. కుందేలు పొడవు బండి పొడవుకు అడ్డంగా ఉండేలా పెడితే బ్రేకు వేసినప్పుడు తల వెళ్ళి గోడకు తగలదు. పాటలు ఆపండి. ఆ చెవులు ఉన్నది వినడానికే కదా.

గంటన్నరకోసారి ఆగి, కారు తలుపులు మూసే ఉంచి పెట్టెలో చూడండి. చెవి మొదలు పట్టుకుంటే వేడి తెలుస్తుంది. గిన్నెలో నీళ్ళు పెట్టండి. కొత్తిమీర రెమ్మ చూపించండి, అందుకుంటే బాగున్నట్టే. రోడ్డు పక్కన గడ్డిలో వదలాలని పిల్లలు గోల పెడతారు. వదలొద్దు. లారీ హారన్ ఒక్కటి చాలు అది పొదల్లోకి దూకడానికి. హైవే పక్క గడ్డిలో నూనె, పొగ, కుక్కల ఉచ్చ అన్నీ ఉంటాయి.

8. బస్సు, రైలు, బైకు

బైకు: ఆసుపత్రికి రెండు మూడు కిలోమీటర్లు తప్పదనుకుంటే, వెనక కూర్చున్నవాళ్ళు పెట్టె ఒళ్ళో పెట్టుకుని, గాలి, చప్పుడు తగలకుండా పలుచని గుడ్డ కప్పి. అంతకు మించి వద్దు.

బస్సు: డిపోలో ముందే అడగండి, కండక్టరు దయ మీద ఆధారపడితే సర్వీసు కదిలే వేళకు టెన్షన్. ఏసీ బస్సులో కాళ్ళ దగ్గర పెట్టుకోగలిగితేనే ఎక్కండి. కింద సామాను అరలో పెట్టమంటే దిగిపోండి.

రైలు: రైల్వే నిబంధనల్లో కుక్కల సంగతి వివరంగా ఉంది. ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం తీసుకుంటే వెంట తీసుకెళ్ళవచ్చు, లేకపోతే గార్డు పెట్టెలోని డాగ్ బాక్సు. స్లీపరు, ఛైర్ కారు, టూ టైర్, త్రీ టైర్లలో కుదరదు. కుందేలుకైతే స్టేషన్ పార్సిల్ ఆఫీసులో రెండు రోజుల ముందే అడిగి, ఒప్పుకుంటే రసీదు రాయించుకోండి. డాగ్ బాక్సులో మాత్రం పెట్టకండి. ఆ ఇనప గదిలో వేడి ఒక ఎత్తు, కుక్కల వాసన ఒక ఎత్తు.

మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళేవాళ్ళకు ఒక మాట. ఆ దారి పులుల అభయారణ్యంలోంచి పోతుంది, రాత్రిళ్ళు అటవీశాఖ గేట్లు మూసేస్తారు. నల్లమలలో తిరిగే చెవులపిల్లికి, అంటే అడవి కుందేలుకు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, దాన్ని పట్టుకోవడం నేరం. మన పెంపుడు కుందేలు ఐరోపా నుంచి వచ్చిన వేరే జాతి. తెల్లదైతే ఎవరికీ అనుమానం రాదు. గోధుమరంగుదైతే చెక్‌పోస్టులో ప్రశ్నలు రావచ్చు. కొన్న బిల్లో ఆసుపత్రి చీటీయో చూపిస్తే సరిపోతుంది. అడవిలో బండి దిగి గడ్డి కోయకండి.

9. చేరాక

చుట్టాలంతా చుట్టూ మూగకముందే ఒక గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేయండి. ఫ్యాను గాలి ఆడే, ఎండ పడని గది. ఫోను ఛార్జరు తీగలు, కూలరు తీగ పైకి కట్టండి, తీగ కనిపిస్తే కొరుకుతుంది. వాసన పట్టిన గుడ్డ, గడ్డి, నీళ్ళు పెట్టి పెట్టె తలుపు తీసి బయటికి వచ్చేయండి. అదే బయటికి వస్తుంది. పది నిమిషాలకు రావచ్చు, రెండు గంటలకు రావచ్చు.

ఊళ్ళో ఇంటికి కుక్క ఉంటే దాన్ని కట్టేయించడం చాలదు, కనిపించకూడదు. తిరునాళ్ళ మైకు, బాణసంచా ఉన్న రోజైతే వీధికి దూరంగా ఉన్న గది చూడండి. అన్నిటికన్నా కష్టం చుట్టాల ప్రేమను ఆపడం. మేము పట్టుకెళ్ళిన మలైకాజాలో ముక్కే మా మరదలి కొడుకు జున్నుకు పెట్టబోయాడు. తీపి, బిస్కెట్, అన్నం, ఉల్లి, వెల్లుల్లి ఏదీ వద్దని వెళ్ళగానే అందరికీ చెప్పేయండి. మొహమాటపడితే రాత్రంతా మీరే మేలుకోవాలి.

ఇక పెంటికల లెక్క. చేరిన నాలుగైదు గంటల్లో గుండ్రటివి, గట్టివి, దాదాపు ఒకే సైజువి పడాలి. చిన్నవై, వంకరై, తగ్గిపోతే పేగులు నెమ్మదించినట్టు. గడ్డి ముందుంచి, కొత్తిమీర తడిపి పెట్టి, గదిలో తిరగనివ్వండి. అసలు పడకపోయినా, మూలకు ముడుచుకుని పళ్ళు కొరుకుతున్నా, పొట్ట డప్పులా బిగుసుకున్నా తెల్లారేదాకా ఆగకండి, డాక్టరుకు ఫోన్ చేయండి. ద్రాక్షగుత్తిలా మెత్తగా, నల్లగా ఉన్నవి కొన్ని కనిపిస్తే భయం లేదు, మామూలుగా వాటిని అదే నేరుగా తినేస్తుంది, హడావిడిలో వదిలేసి ఉంటుంది. ఉచ్చ ఎర్రగా, నారింజ రంగులో ఉన్నా చాలాసార్లు తిన్న ఆకుల రంగే. ముక్కుతూ పోస్తుంటే, రంగు రెండు రోజులైనా తగ్గకపోతే మాత్రం చూపించాలి.

తిరుగు ప్రయాణానికీ ఇదే వరస, కాకపోతే మధ్యలో కనీసం రెండు రాత్రులు విశ్రాంతి ఇవ్వండి. ఇంటికొచ్చాక మూడు రోజులు రోజూ తూకం వేస్తాం మేము, కూరగాయల త్రాసు మీద బుట్ట పెట్టి. పోయినసారి జున్ను ఒంగోలు నుంచి వంద గ్రాములు పెరిగి వచ్చాడు. మా మామగారి పెరట్లో గరిక బాగుంటుంది.